అద్దంలో కనపడని కుక్క

(స్మారకోపన్యాస పాఠం)



వేదిక వెనక కట్టిన గుడ్డ మీద మాష్టారి పేరు ఇంటిపేరుతో సహా రాయించారు. చూసి ఒక్క క్షణం, ఎవరీయన అనుకున్నాను. ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాళ్ళం ఎవ్వరమూ ఆయన్ని పేరుతో తలుచుకున్న పాపాన పోలేదు. డ్రాయింగు మాష్టారు అంటే చాలు, ఊరంతటికీ ఆయనే. ఈ సాయంత్రం కూడా నేను మాష్టారనే అంటాను. నిర్వాహకులు మన్నించాలి.

ఐరోపా పునరుజ్జీవన కాలపు చిత్రం ఏదైనా తీసుకుని మాట్లాడమన్నారు. మోనాలిసా వాళ్ళ మనసులో ఉందని నాకు తెలుసు. ఆవిడ నవ్వు మీద ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళు చాలు. నేను మాష్టారు మాకు చూపించిన బొమ్మ గురించే మాట్లాడతాను. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. అందులో సగం పేజీలో నలుపు తెలుపు అచ్చు: ఒక గది, గదిలో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. పుస్తకం బల్లమీద పెట్టి, "ఇందులో కుక్క ఎక్కడుందిరా?" అన్నారు. కాళ్ళ దగ్గరుందని అందరం అరిచాం. "వెనక గోడకి అద్దం ఉందిగా. ఆ అద్దంలో కుక్కేదీ?"

తలలన్నీ పుస్తకం మీదికి వంగాయి. అద్దంలో ఆ ఇద్దరి వీపులూ కనిపిస్తున్నాయి, కిటికీ కనిపిస్తోంది, మంచం కనిపిస్తోంది. కుక్క మాత్రం లేదు. ఎందుకు లేదని అడిగాం. మాష్టారు సమాధానం చెప్పలేదు. అంతలో గంట కొట్టారు.

నలభై ఏళ్ళ తరవాత లండన్‌లో ఆ బొమ్మ ముందు నిలబడ్డాను. మొదట అద్దంలోకే చూశాను. ఇప్పటికీ లేదు.

ఆ బొమ్మను యాన్ వాన్ ఐక్ 1434లో వేశాడు. ఓక్ చెక్క పలక మీద నూనె రంగులు. ఎత్తు 82 సెంటీమీటర్లు, వెడల్పు 60. మన గోడ క్యాలెండరు కన్నా కాస్త పెద్దది, అంతే. ప్రపంచ ప్రసిద్ధమైన చిత్రమంటే గోడంత ఉంటుందనుకుని వెళ్ళినవాడు మొదట కొంచెం నిరాశపడతాడు. దగ్గరికి వెళ్ళాక మరి కదలడు.

మగమనిషి ఎడమపక్క, కిటికీ వైపు. తలమీద పెద్ద నల్లటి గడ్డిటోపీ, ఒంటిమీద బొచ్చు అంచున్న ఊదారంగు పైవస్త్రం. కుడిచెయ్యి ఎత్తి ఉంది, ఎడమ చేతిలో ఆమె కుడిచెయ్యి. ఆమెది ఆకుపచ్చని ఉన్ని గౌను. దాని కుచ్చెళ్ళు నేలంతా పరుచుకున్నాయి. గుప్పెడు గుడ్డ పొట్ట దగ్గరికి ఎత్తి పట్టుకుంది. వెనక ఎర్రటి మంచం. కిటికీ గట్టుమీద ఒక నారింజ, కింద పెట్టె మీద మూడు. కిటికీ బయట పళ్ళతో ఉన్న చెర్రీ చెట్టు. అంటే వేసవి. వేసవిలో ఈ బొచ్చుబట్టలేమిటి? ఉన్నవన్నీ చూపించుకోవాలనే ముచ్చట. మన పెళ్ళిళ్ళలో మే నెల ఎండలో పట్టుచీరలు కట్టినట్టే అనుకోండి. ఆ నారింజలూ అంతే. చలిదేశంలో దక్షిణాన్నుంచి తెప్పించుకున్న పళ్ళు, డబ్బున్నవాళ్ళ ఇంట్లోనే కనిపించేవి.

పైన ఇత్తడి దీపాల గుత్తి. అందులో ఒక్క కొవ్వొత్తి వెలుగుతోంది, పట్టపగలు. నేలమీద విప్పి పడేసిన చెక్క చెప్పులు. గోడకు స్ఫటికపు జపమాల. కుర్చీ కొమ్మున చెక్కిన ఒక సాధ్వి. పురుళ్ళ వేళ స్త్రీలు మొక్కుకునే సెయింట్ మార్గరెట్ అని కొందరు, పక్కనే చిన్న చీపురు వేలాడుతోంది కాబట్టి ఇంటిపనుల సెయింట్ మార్తా అని కొందరు. అన్నిటికీ నడుమ, అరచేతి కింద దాగిపోయేంత గుండ్రటి అద్దం. దాని చట్రం చుట్టూ పది చిన్న బిళ్ళలు, ఒక్కోదానిలో క్రీస్తు కడపటి రోజుల్లోని ఒక ఘట్టం. అద్దం పైన గోడమీద, దస్తావేజు రాతలాంటి మెలికల అక్షరాలతో లాటిన్‌లో ఒక వాక్యం: యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉండెను, 1434.

చిత్రకారులు సంతకం చేస్తే "వేసెను" అని రాస్తారు. ఈయన "ఇక్కడ ఉండెను" అన్నాడు. మన గోల్కొండ గోడలమీద మేకుతో పేర్లు గీకే కుర్రాళ్ళు చెప్పదలుచుకున్నదీ ఇదే మాట. వాళ్ళను సమర్థిస్తున్నానని అనుకోకండి.

ఈ బొమ్మ చూపిస్తే మనవాళ్ళు ముందడిగే ప్రశ్న, ఆవిడకి ఎన్నో నెల అని. నాకూ అదే అనిపించింది. కాదు. అప్పటి బట్టల తీరు అది. నడుం పైకి కట్టి, ముందు గుడ్డంతా ఎత్తి పట్టుకుని నిలబడటం అప్పటి సింగారం. ఇదే వాన్ ఐక్ 1437లో వేసిన మరో చిత్రం డ్రెస్డెన్‌లో ఉంది. అందులో కన్యగానే ప్రాణాలిచ్చిన సెయింట్ కేథరిన్‌కూ పొట్ట ఇలాగే ఉంటుంది. ఈ ఒక్క పోలికతో ఆ ప్రశ్న తేలిపోతుంది.

వాన్ ఐక్ గురించి రెండు మాటలు. ఆయన 'మంచివాడు' అని పేరుబడ్డ బర్గండీ ప్రభువు ఫిలిప్ కొలువులో 1425 నుంచి చిత్రకారుడు. నూనె రంగులు కనిపెట్టింది ఆయనేనని ఇటలీ వాడైన వసారి రాశాడు, చాలాకాలం లోకం నమ్మింది. నిజం కాదు. అవిసెనూనెలో రంగు కలపడం అంతకు మూడువందల ఏళ్ళ ముందే రాతపుస్తకాల్లో ఉంది. బామియాన్ గుహల్లో ఏడో శతాబ్ది నాటి బౌద్ధచిత్రాల్లోనే నూనె రంగులు దొరికాయి. వాన్ ఐక్ చేసింది వేరే. పల్చటి రంగుపొర మీద పొర వేసి, వెలుగు లోపలి నుంచి వస్తున్నట్టు చేశాడు. ఆ ఇత్తడి గుత్తి చూస్తే చేత్తో తుడిచి చూడబుద్ధేస్తుంది.

1428లో ప్రభువు ఆయన్ని పోర్చుగల్ పంపాడు. పని ఏమిటంటే అక్కడి రాకుమారి ఇసబెల్లా బొమ్మ వేసి తేవడం. పెళ్ళిచూపుల ఫోటో అన్నమాట. ప్రభువు చూశాడు, మెచ్చాడు, 1430లో పెళ్ళయింది. ఆ బొమ్మ ఇప్పుడు లేదు. నేనిది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో బొమ్మ అలంకారం కాదు. లేని మనిషిని ఉన్నట్టు ఎదురుగా నిలబెట్టే సాధనం. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక ఈ చెక్కపలక చేతులు మారిన కథ. స్పెయిన్ దేశపు దొర డియెగో దె గెవారా దీన్ని నెదర్లాండ్స్ పాలకురాలు, ఆస్ట్రియా మార్గరెట్‌కు కానుకగా ఇచ్చాడు. 1516 నాటి ఆవిడ సొత్తు జాబితాలో ఇది ఉంది. అప్పుడు దీనికి తలుపు రెక్కలుండేవి. రెక్కలకు తాళం పెట్టించాలి, అమ్మగారు చెప్పారని గుమాస్తా ఎవరో రాసుకున్నాడు. నాకు ఆ చరిత్రంతటిలోనూ ఈ గుమాస్తా అంటేనే ఇష్టం. తరవాత ఆవిడ మేనకోడలు హంగరీ మేరీకి, అక్కణ్ణుంచి స్పెయిన్ రాజుల మ్యాడ్రిడ్ కోటకు చేరింది. ఆ కోటలోనే వెలాస్కెజ్ ఆస్థాన చిత్రకారుడు. ఆయన 1656లో వేసిన లాస్ మెనినాస్‌లో వెనక గోడకు ఒక అద్దం, అందులో రాజూ రాణీ. ఆ అద్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించడానికి పండితులక్కర్లేదు. 1734లో ఆ కోట తగలబడింది. చాలా చిత్రాలు బూడిదయ్యాయి, ఇది బయటపడింది.

1816లో ఇది లండన్‌లో, జేమ్స్ హే అనే స్కాటిష్ సైనికాధికారి చేతిలో తేలింది. వాటర్లూలో గాయపడి బ్రసెల్స్‌లో ఒక ఇంట్లో కోలుకుంటూ ఉంటే ఆ గది గోడకు ఇది కనిపించిందనీ, ఇంటివారిని బతిమాలి కొనుక్కున్నాననీ ఆయన చెప్పుకున్న కథ. కథ బాగానే ఉంది. కానీ నెపోలియన్ అన్న జోసెఫ్ స్పెయిన్ గద్దె వదిలి పారిపోతూ 1813లో విటోరియా దగ్గర ఓడిపోయినప్పుడు, ఆయన సామాన్ల బళ్ళు దోపిడీకి గురయ్యాయి. హే ఆ యుద్ధంలో ఉన్నాడు. మిగతాది మీరే ఊహించుకోండి. ఇంగ్లండు యువరాజుకు అమ్మజూపితే రెండేళ్ళు దగ్గర పెట్టుకుని, వద్దని తిప్పి పంపాడు. చివరికి 1842లో నేషనల్ గ్యాలరీ 600 పౌండ్లకు కొంది.

ఇప్పుడు అసలు చిక్కు. వీళ్ళెవరు?

మార్గరెట్ జాబితాల్లో మగమనిషి పేరు ఒకచోట ఎర్నూల్ లె ఫాన్ అని, ఇంకోచోట ఆర్నూల్ ఫాన్ అని, గుమాస్తాల చెవికి ఎలా వినపడితే అలా ఉంది. అది ఆర్నొల్ఫీని అని 1857లో క్రో, కవల్కసెల్లే అనే ఇద్దరు చరిత్రకారులు పోల్చారు. ఇటలీలోని లుక్కా నుంచి వచ్చి బ్రూజ్‌లో పట్టుబట్టల వ్యాపారం చేసిన కుటుంబం అది. కాబట్టి ఈయన జొవాన్ని ఆర్నొల్ఫీని, ఆమె అతని భార్య జొవన్నా చెనామి. నూటపాతికేళ్ళకు పైగా ప్రపంచమంతా ఇలాగే రాసుకుంది.

సరిగ్గా బొమ్మ వేసిన అయిదువందల ఏళ్ళకు, 1934లో, ఎర్విన్ పనోఫ్స్కీ ఒక వ్యాసం రాశాడు. యూదుడైనందుకు హాంబర్గ్‌లో ఉద్యోగం పోగొట్టుకుని అమెరికా చేరిన పండితుడు. ఇది మామూలు బొమ్మ కాదు, పెళ్ళి పత్రం అన్నాడాయన. ఆ కాలంలో చర్చి పూజారి లేకుండా ఇద్దరూ ఒప్పుకుంటే పెళ్ళి చెల్లేది. అద్దంలో తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు, ఒకరు నీలం బట్టలతో, ఒకరు ఎరుపు బట్టలతో, సాక్షులు. గోడమీది రాత సాక్షి సంతకం. కొవ్వొత్తి అన్నీ చూసే దేవుడి కన్ను, కుక్క పాతివ్రత్యం, విడిచిన చెప్పులు పవిత్రస్థలానికి గుర్తు. ఈ చివరిది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా!

ఆ వ్యాసం చదువుతుంటే గదిలో దీపాలు ఒక్కొక్కటే వెలిగినట్టుంటుంది. నేను కాలేజీలో చదువుతున్నప్పుడు దాన్ని వేదంలా నమ్మాను. అయితే పెళ్ళిలో కుడిచేతిలో కుడిచెయ్యి పెడతారు. ఇక్కడ మగమనిషి ఎడమచెయ్యి ఇచ్చాడు. ఇది పెళ్ళి కాదు, నిశ్చితార్థమని 1994లో ఎడ్విన్ హాల్ వాదించాడు. ఇంకా పెద్ద దెబ్బ ఒక కాగితం నుంచి వచ్చింది. ఫ్రెంచి చరిత్రకారుడు జాక్ పావియో బయటపెట్టిన పత్రం ప్రకారం జొవాన్నికీ జొవన్నా చెనామికీ పెళ్ళయింది 1447లో. బొమ్మ వేసిన పదమూడేళ్ళకు. వాన్ ఐక్ 1441లోనే చనిపోయాడు. చనిపోయిన ఆరేళ్ళకు సాక్షి సంతకం ఎవరూ పెట్టలేరు.

అసలు తేడా పేరులో వచ్చింది. బ్రూజ్‌లో జొవాన్ని ఆర్నొల్ఫీనిలు ఇద్దరు, వరసకు అన్నదమ్ములు. ఒకరు అర్రిగో కొడుకు, ఒకరు నికొలావో కొడుకు. తాత పేరే మనవళ్ళందరికీ పెట్టుకునే మన ఊళ్ళలో పెరిగినవాళ్ళకు ఇది వింత కాదు. పోస్టుమాను ఉత్తరం పట్టుకొచ్చి "ఏ సుబ్బారావండీ, ఎవరి కొడుకు?" అని అడిగేవాడు. చరిత్రకారులు అలా అడగడానికి నూటపాతికేళ్ళు పట్టింది. 1447లో పెళ్ళాడినవాడు అర్రిగో కొడుకు. బొమ్మలో ఉన్నది నికొలావో కొడుకు కావచ్చని నేషనల్ గ్యాలరీ పండితుడు లోర్న్ క్యాంబెల్ 1998లో తేల్చాడు. ఇతను 1419 నుంచీ బ్రూజ్‌లో ఉన్నవాడు. నేను ఆ మాటే ఒప్పుకుంటాను.

ఇతని భార్య కొస్తాన్జా త్రెంతా. 1426లో పెళ్ళి. అప్పటికి ఆ పిల్లకు పదమూడేళ్ళు. 1433 ఫిబ్రవరి 26న ఆమె తల్లి రాసిన ఉత్తరంలో, కూతురు చనిపోయినట్టు ఉంది. ఇరవై దాటలేదన్నమాట.

మరి 1434 బొమ్మలో ఉన్నదెవరు? పేరు పత్రాలకెక్కని రెండో భార్య కావచ్చునని క్యాంబెల్ అన్నాడు. 2003లో మార్గరెట్ కోస్టర్ వేరే మాట చెప్పింది. ఆమె కొస్తాన్జాయే. బతికుండగా మొదలైన బొమ్మో, పోయాక వేయించిన బొమ్మో, చిత్రం పూర్తయ్యేనాటికి ఆమె లేదు. కోస్టర్ చూపించిన గుర్తులు రెండు. అద్దం చుట్టూ ఉన్న బిళ్ళల్లో మగమనిషి వైపున్నవన్నీ క్రీస్తు బతికుండగా జరిగినవి, ఆమె వైపున్నవి మరణమూ తరవాతివీ. దీపాల గుత్తిలో వెలుగుతున్న కొవ్వొత్తి అతని వైపుంది. ఆమె వైపు ప్రమిదలో కొవ్వొత్తి లేదు, కారి గడ్డకట్టిన మైనం మాత్రం ఉంది.

ఇక్కడ నన్ను మా ఇంటి సంగతి ఒకటి చెప్పనివ్వండి. మా హాల్లో తాతయ్య, నాయనమ్మ పక్కపక్కన కూర్చున్న పటం ఉండేది. తాతయ్యకు జుట్టు నెరిసిపోయింది. నాయనమ్మకు ఇరవై ఏళ్ళు. చిన్నప్పుడు ఆవిడ తాతయ్య కూతురేమో అనుకునేవాణ్ణి. మా నాన్నను కన్న రెండేళ్ళకే ఆవిడ పోయింది. ఎవరి పెళ్ళిలోనో గుంపుగా తీసిన ఫోటోలో ఆవిడ మొహం దొరికితే, ముప్ఫై ఏళ్ళ తరవాత స్టూడియో అతను దాన్ని కత్తిరించి, తాతయ్య పక్కన అతికించి, చీరకు చేత్తో ఆకుపచ్చరంగు వేసి ఇచ్చాడు. ఆ స్టూడియో వెనకాల గోడ, పూలకుండీ, కిటికీ అన్నీ గుడ్డమీద వేసినవే. ఆ ఇద్దరూ అలా కలిసి ఏ గదిలోనూ ఎప్పుడూ కూర్చోలేదు. తెలుగుదేశంలో ఇలాంటి పటాలు లేని ఊరు లేదు.

వాన్ ఐక్ గది కూడా అలాంటిదే. నిపుణులు కొలిచి చూశారు. ఆ గదిలో పొయ్యి లేదు, చలిదేశంలో పొయ్యి లేని గది! అద్దంలో వెతికినా లేదు, పెట్టడానికి చోటూ లేదు. దీపాల గుత్తి వేలాడటానికి చాలినంత జాగా లేదు. అంత పెద్ద ఉబ్బెత్తు అద్దం ఆ కాలంలో తయారయ్యేది కాదు. కటకాలతో నీడ పడేసి దాని మీద గీసుకున్నాడని 2001లో చిత్రకారుడు డేవిడ్ హాక్నీ వాదించాడు. లేని గది నీడ ఏ కటకంలో పడుతుందో నాకు అర్థం కాలేదు. "ఇక్కడ ఉండెను" అని ప్రమాణం చేసి సంతకం పెట్టిన ఆ "ఇక్కడ" బ్రూజ్‌లో ఎక్కడా లేదు. ఆ చెక్క మీదే ఉంది.

పరారుణ కిరణాలతో రంగు కిందికి చూశారు. కింద వాన్ ఐక్ గీసుకున్న గీతలు కనిపించాయి. మగమనిషి కుడిచెయ్యి, పాదాలు మార్చి మార్చి గీశాడు. కుక్కకు మాత్రం కింద గీతే లేదు. దీపాల గుత్తికి లేదు, జపమాలకు లేదు, చెక్క చెప్పులకు లేదు. ముందు మనుషులు వచ్చారు, సామాను తరవాత వచ్చింది. పనోఫ్స్కీ దస్తావేజులో షరతుల్లా చదివిన వస్తువులన్నీ పని జరుగుతుండగా చిత్రకారుడి చేతికి తోచినవి. మాష్టారూ, మీ ప్రశ్నకు నా దగ్గరున్న సమాధానం ఇదీ: అద్దం వేసినప్పటికి కుక్క ఇంకా గదిలోకి రాలేదేమో.

కొవ్వొత్తి కూడా అలా ఆలస్యంగా వచ్చిందే. మధ్యలో ఏమైనా జరిగిందా? ఏ కబురైనా వచ్చిందా? ఇది నిరూపించే పత్రం లేదు. కోస్టర్ వాదంలో లొసుగు ఉంది, రెండో భార్య అన్న మాట ఇప్పటికీ నిలబడుతుంది. అయినా నా మొగ్గు కోస్టర్ వైపే. దానికి కారణం పాండిత్యం కాదు, మా హాల్లో పటం. అతని మొహం చూడండి. పెళ్ళికొడుకు మొహం కాదది. చూపు ఆమె మీద లేదు, మన మీదా లేదు. ఆమె చేతిని పట్టుకున్నట్టూ లేదు, వదిలినట్టూ లేదు.

మనం పోయినవాళ్ళ పటం ముందు దీపం పెడతాం. వాన్ ఐక్ బతికున్నవాడి తలమీద దీపం వెలిగించి, పోయినామె వైపు కారిన మైనం వదిలేశాడు. మనకిది తలకిందులుగా కనిపిస్తుంది. నాకైతే ఆ మైనపు చుక్కే ఎక్కువ బాధ పెట్టింది.

మీలో చాలామంది పిల్లలు లండన్‌లో ఉన్నారు. చూడ్డానికి వెళ్ళినప్పుడు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నేషనల్ గ్యాలరీకి ఒక పూట పెట్టుకోండి. లోపలికి టికెట్టు లేదు. పటం నంబరు ఎన్‌జీ 186. ఫోటో తరవాత తీసుకోవచ్చు. ముందు మీ వెంట ఉన్న మనవణ్ణో మనవరాలినో దగ్గరికి పిలిచి, అద్దంలో కుక్కేదని అడగండి. సమాధానం మాత్రం వెంటనే చెప్పకండి.